చింత, చెంత

బర్లాద్ ఊళ్లో ప్రసూతి ఆసుపత్రికి ఎదురుగా
రాత్రంతా వెలిగే కిటికీ ఒక్కటే,
గవ్రిల్ రొట్టెల బట్టీది.
ఫిబ్రవరి మంచు గడపదాకా పేరుకున్నా
తెల్లారేసరికి అక్కడ ప్లచింతలు దిగాలి.
ప్లచింత అంటే ఏముంది,
పల్చగా సాగదీసిన పిండి, మధ్యలో క్యాబేజీ,
లేదంటే ఉప్పు జున్ను.
బల్లపరుపుగా, గుండ్రంగా,
చేతులు కాల్చేంత వేడిగా.

ఈ రాత్రి బట్టీని మేనల్లుడికి అప్పజెప్పి
ఆసుపత్రి నడవలో కూర్చున్నాడు గవ్రిల్.
ఆప్రాన్ మీద పిండి దులుపుకోనే లేదు.
వేరే ముద్ద దొరక్క
తన వేళ్లనే తాను పిసుక్కుంటున్నాడు.

మూడు నలభైకి లోపల ఒక ఏడుపు.
ఆడపిల్ల, అన్నారు.
ఇలింకా బాగుంది, అన్నారు.
తలుపు మాత్రం తెరవలేదు.
"ఇంకోటి రావాలి, ఆగు"
అంది మంత్రసాని స్మరాంద, సగం తలుపులోంచి.

పావుగంట.
తలుపు కదలగానే గబుక్కున లేచి
"ప్లచింత వచ్చిందా?" అన్నాడు.

నర్సులు నవ్వారు.
కుర్ర డాక్టరైతే గోడకు ఆనుకుని మరీ నవ్వాడు.
"ప్లచెంత బాబూ, ప్లచెంత!
ప్లచింత నీ బట్టీలో ఉంటుంది."
మన రాతలో అయితే
గుడికీ ఎత్వానికీ ఉన్నంత తేడా.

స్మరాంద నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా వాటిని తూకం వేస్తున్న మనిషి.
"రెండూ ఒక ఇంటి పిల్లలేరా," అంది.
"జున్నూ తేనే పొరలు పొరలుగా వేసి
రోము వాళ్లు కాల్చుకు తిన్న పిండివంట పేరు ప్లాకెంత.
ఆ మాట గ్రీకుల దగ్గర అరువు తెచ్చుకున్నదే,
అక్కడ దానర్థం బల్లపరుపు, అంతే.
మన అమ్మమ్మల నోళ్లలో అరిగి అరిగి ప్లచింత అయింది.
తర్వాతెప్పుడో, శవాలు కోసి చూసే పండితుడెవడో
గర్భంలో ఈ గుండ్రటి ముద్దను చూసి,
పేరు తోచకో, ఆకలేసో,
లాటిన్ డబ్బా మూత తీసి అదే మాట బయటికి లాగాడు.
అది పుస్తకాల మీదుగా వచ్చి ప్లచెంత అయింది.
ఒకటి నడిచొచ్చింది, ఒకటి బండెక్కొచ్చింది.
క్లుజ్‌లో నాతో పనిచేసిన హంగేరియన్ మంత్రసాని
దీన్ని గర్భపు రొట్టె అనేది, ఏ సిగ్గూ లేకుండా."

రా చూడు, అని స్టీలు పళ్లెం ముందుకు జరిపింది.
తల్లివైపు ముదురెరుపు, బీటలు వారిన పైపొర.
తిప్పితే బిడ్డవైపు బూడిదనీలి మెరుపు,
బొడ్డుతాడు దగ్గర మొదలై
అంచులదాకా పాయలైన నాళాలు.
లోపలేమైనా మిగిలిపోయిందేమోనని
ఆమె ముక్కా ముక్కా కలిపి చూస్తుంటే
గవ్రిల్ వంగి, పనివాడి చూపుతో అన్నాడు:
"అడుగు మాడలేదు."
అప్పుడు నవ్వింది స్మరాంద.

నేను ఈ కవిత రాస్తున్న భాషలో
దీన్ని ఎవరూ రొట్టె అనరు. మాయ అంటారు.
"మాయ పడిందా?" అని అడుగుతారు గుమ్మం బయటివాళ్లు.
పడేదాకా కాన్పు అయినట్టు కాదు.
తొమ్మిది నెలలు తినిపించి, ఊపిరి అందించి,
బిడ్డ వెనకే వచ్చి
బారసాలకు ముందే వెళ్లిపోయేదాన్ని
వాళ్లు ఆకలి కళ్లతో చూశారు.
మనవాళ్లు ఏ కళ్లతో చూశారో,
అది ఉందో లేదో తేల్చుకోలేని పేరు పెట్టారు.
పండితులు ఏమంటారో గానీ
ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

స్మరాంద కాగితం మీద రాసుకుంది:
ఐదువందల నలభై గ్రాములు, సంపూర్ణం.
"మా పెద్ద సైజూ అంతే," అన్నాడు గవ్రిల్.

ఇలింకా చెంతకు వెళ్లేముందు
చేతులు కడుక్కోమన్నారు.
గోళ్ల సందుల్లో పిండి ఎంతకీ వదల్లేదు.
రోడ్డు దాటి, మంచు దాటి,
మేనల్లుడు ఏదో మాడబెడుతున్న వాసన వస్తోంది.
అతను కుళాయి కట్టలేదు,
తల తిప్పి చూడలేదు.